పడవ మీది పరదా ఎన్నేళ్లు వస్తుంది? బెజవాడ ఎండలో అసలు లెక్క

పడవకైనా, కారుకైనా, మేడ మీద నీడకైనా కవరు కొనేటప్పుడు అందరూ అడిగేది ఒకటే: "ఎన్నేళ్లు వస్తుంది?" కొట్టులో జవాబు సిద్ధంగానే ఉంటుంది. మామూలు నీలం పరదా అయితే ఒకటి రెండేళ్లు, మందపాటి పీవీసీ అయితే ఏడెనిమిదేళ్లు, ఇంకాస్త గట్టిది అయితే పదేళ్లు. ఇందులో అబద్ధం ఏమీ లేదు. కాకపోతే ఆ పదేళ్లు ఏ ఊరి ఎండలో లెక్కగట్టినవి, ఏడాదికి ఎన్ని నెలలు కప్పి ఉంచితే వచ్చినవి అన్నది ఆ మాటలో ఉండదు. బెజవాడలో కృష్ణ ఒడ్డున పున్నమి ఘాట్ దగ్గరో, అవతలి ఒడ్డున సీతానగరం వైపో పన్నెండు నెలలూ ఎండకు ఎండి వానకు తడిసే కవరుకు అదే లెక్క వేసుకుంటే నాలుగో ఏడు వచ్చేసరికి నిరాశ తప్పదు. కవరు ఆయుష్షును ఏళ్లలో కొలిస్తే మోసపోతాం. ఎండలో గడిపిన నెలల్లో కొలవాలి.

ఈ పదేళ్ల మాట ఎక్కువగా అమెరికా సరస్సుల దగ్గర పుట్టింది. మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్ రాష్ట్రాల్లో వేల సరస్సులున్నాయి. ఒడ్డున ఇళ్లున్నవాళ్లలో చాలామందికి సొంత పడవ ఉంటుంది. పని అయ్యాక దాన్ని నీళ్లలో తేలుతూ వదిలేయరు. ఒడ్డుకు దగ్గరగా, నీళ్లలో అల్యూమినియం కాళ్ల మీద నిలబెట్టిన బోట్ లిఫ్ట్ ఒకటి ఉంటుంది. చక్రం తిప్పితేనో మోటారు నొక్కితేనో పడవ నీటికి పైకి లేచి దిమ్మల మీద కూర్చుంటుంది. దాని పైన పైపుల ఫ్రేము, ఆ ఫ్రేము మీద పందిరిలా పరిచి నాలుగు పక్కలా కిందికి వాల్చిన కవరు. పడవను నీటికి పైన ఉంచితే అడుగున పాచి పట్టదు. కవరు ఉంటే సీట్ల రెక్సిన్ పగలదు, రంగు వెలవదు, పక్షుల రెట్టలు పడవు.

అయితే అక్కడ చలికాలంలో ఆ సరస్సులు గడ్డకట్టిపోతాయి. కవరు మీద మంచు పేరుకుంటే ఫ్రేము వంగిపోతుంది. అందుకని అక్టోబరు నాటికి కవరు విప్పి, కడిగి, ఆరబెట్టి షెడ్డులో దాస్తారు. మళ్లీ మంచు కరిగాక, ఏప్రిల్ ఆఖర్లోనో మేలోనో తొడుగుతారు. అంటే ఏడాదిలో అది ఎండ చూసేది అయిదారు నెలలు. పదేళ్లు వచ్చిందంటే మొత్తం మీద యాభై, అరవై నెలల ఎండ కాసిందని అర్థం. ఆ అరవై నెలలూ మన దగ్గర అయిదేళ్లకే అయిపోతాయి. అది కూడా మన ఎండ అక్కడి ఎండంతే అనుకుంటే.

అనుకోవడానికి వీల్లేదు. అదే అమెరికాలో దక్షిణాన ఉన్న ఫ్లోరిడాలో చలికాలం కవరు విప్పే అవసరం ఉండదు. కాబట్టి అదే సరుకు అక్కడ తక్కువ ఏళ్లకే పోతుంది. విజయవాడ ఫ్లోరిడా కన్నా ఇంకా భూమధ్యరేఖకు దగ్గర. దాదాపు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్న ఈ ఊళ్లో ఏడాదికి రెండుసార్లు, మే మొదటి పది రోజుల్లో ఒకసారి, ఆగస్టు మొదటి పది రోజుల్లో మరోసారి, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఫ్లోరిడాలో ఏ ఊరికీ ఏడాది మొత్తంలో ఒక్కసారి కూడా అలా రాడు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. రోలే పగిలే ఎండలో ప్లాస్టిక్ గుడ్డ సంగతి చెప్పేదేముంది.

ఈ లెక్కన కృష్ణ ఒడ్డున, ఏడాది పొడవునా బయటే ఉండే కవరుకు వేసుకోదగ్గ అంచనా ఇది. ఎండ తట్టుకునే మందు కలపని పల్చటి పరదా ఒక్క వేసవికే చివికిపోతుంది. ఆ మందు కలిపిన, 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములన్న లెక్క) దాకా ఉన్న పరదా ఏడాదిన్నర, రెండేళ్లు. 600 జీఎస్ఎం పైన ఉన్న మంచి పీవీసీ గుడ్డ నాలుగు నుంచి ఆరేళ్లు. ఇవి జాగ్రత్తగా చూసుకుంటే వచ్చే ఏళ్లు. కట్టి వదిలేస్తే ఇందులో సగం వచ్చినా గొప్పే.

బోట్ లిఫ్టులు కృష్ణలో అరుదు. మన దగ్గర స్పీడ్ బోట్లు, జెట్ స్కీలు, చిన్న పడవలు ఒడ్డున కట్టేసో, ట్రైలర్ మీద పెట్టో కనిపిస్తాయి. భవానీ ద్వీపానికి మనుషుల్ని తీసుకెళ్లే పెద్ద బోట్లకు పైకప్పే ఉంటుంది. అయినా పైపుల ఫ్రేము మీద పరిచిన గుడ్డ ఎక్కడైనా ఒకే తీరున పాడవుతుంది. కింద చెప్పేదంతా లారీ టార్పాలిన్‌కు, మేడ మీద వేసిన నీడ పందిరికి, కల్లంలో కప్పే బరకానికి కూడా చాలావరకు వర్తిస్తుంది.

ఎండ ఏం చేస్తుంది

నీలం రంగు పరదా హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్‌ను సన్నటి పట్టీలుగా చీల్చి, నేసి, రెండు వైపులా పల్చటి పొర అంటించి చేసిన గుడ్డ. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఆ ప్లాస్టిక్‌లోని పొడవాటి అణువుల గొలుసుల్ని తెంపుతాయి. గాలిలోని ఆక్సిజన్ ఆ తెగిన కొసల్ని పట్టుకుని పనిని ఇంకా ముందుకు తీసుకుపోతుంది. మొదట మెరుపు పోతుంది, తర్వాత చేతికి సున్నంలాంటి పొడి అంటుకుంటుంది, చివరికి మడతల దగ్గర పొట్టు రాలడం మొదలవుతుంది. గుంటూరు జిల్లా మిర్చి రైతులకు ఇది ఒకరు చెప్పాల్సిన విషయం కాదు. కల్లంలో కాయ మీద కప్పిన నాసిరకం బరకం ఫిబ్రవరిలో కొత్తగా నిగనిగలాడుతుంది, మే నాటికి చేత్తో లాగితే చినిగిపోతుంది.

పీవీసీ గుడ్డ చావు వేరే రకం. ఇందులో పాలిస్టర్ దారంతో నేసిన గుడ్డకు రెండు వైపులా పీవీసీ పూత ఉంటుంది. పీవీసీ సహజంగా గట్టి పదార్థం. మన ఇళ్లలో నీళ్ల పైపులు దాంతోనే చేస్తారు. దాన్ని గుడ్డలా మెత్తగా మడవాలంటే అందులో నూనెలాంటి మెత్తబరిచే ద్రవం కలపాలి. వేడికి ఆ ద్రవం నెమ్మదిగా పైకి వచ్చి ఆవిరైపోతుంది. అది పోయేకొద్దీ పూత బిరుసెక్కి, ఒకరోజు మడత దగ్గర చిట్లుతుంది. ఆటోల్లో పాత రెక్సిన్ సీట్లు పెళుసై పగిలేది సరిగ్గా ఇందుకే. చిట్లిన చోట లోపలి పాలిస్టర్ దారం నేరుగా ఎండకు దొరుకుతుంది. అక్కడి నుంచి పతనం వేగంగా సాగుతుంది.

రసాయన చర్యల విషయంలో ఒక మోటు లెక్క ఉంది. వేడి పది డిగ్రీలు పెరిగితే చర్య వేగం దాదాపు రెట్టింపవుతుంది. మే నెలలో గాలి వేడిమే 43, 44 దాకా పోతుంటే, ఎండలో ఉన్న ముదురు రంగు కవరు పైభాగం 60 డిగ్రీలు దాటడం మామూలే. అందుకే రంగు ఎంపిక కంటికి నచ్చడానికి మాత్రమే సంబంధించిన సంగతి కాదు. లేత రంగు చల్లగా ఉంటుంది, కానీ పల్చటి తెల్ల గుడ్డలోంచి వెలుతురు దూరి లోపలి దారాన్ని తింటుంది. ముదురు రంగు వెలుతురును ఆపుతుంది, కానీ వేడెక్కుతుంది. పైన తెలుపో లేత బూడిద రంగో ఉండి, మధ్యలో వెలుతురు దూరని పొర ఉన్న గుడ్డ దొరికితే మన వాతావరణానికి అంతకన్నా మంచిది లేదు.

మూడో రకం అక్రిలిక్. దారం తీసేటప్పుడే రంగు కలిపేస్తారు కాబట్టి త్వరగా వెలవదు. గాలి ఆడుతుంది, లోపల చెమ్మ నిలవదు. రాపిడికి మాత్రం ఓర్చుకోదు, నీరు జారిపోయేలా వేసిన పూతను కొన్నేళ్లకు ఒకసారి మళ్లీ వేయించాలి. ధర కూడా ఎక్కువ.

గుడ్డ కన్నా ముందు పోయేవి

కవరు పోయిందని తీసి పడేసిన చాలా సందర్భాల్లో అసలు గుడ్డ బాగానే ఉంటుంది. పోయేది కుట్టు. పాలిస్టర్ గుడ్డకు పైన పీవీసీ పూత రక్షణగా ఉంటుంది, కుట్టిన దారానికి ఏ రక్షణా ఉండదు. అతుకు మీద పైకి కనిపించే ప్రతి కుట్టూ ఎండకు నేరుగా ఎదురు నిలబడుతుంది. మామూలు పాలిస్టర్ దారం మన ఎండకు రెండు మూడేళ్లలో బలహీనపడుతుంది. కాటన్ దారమైతే ఎండకు తోడు చెమ్మకు కూడా చివుకుతుంది. ఒకరోజు గాలికి అతుకు బారెడు పొడవున విడిపోతుంది. చూసినవాళ్లు "గుడ్డ చినిగింది" అంటారు.

దీన్ని పరీక్షించడం తేలిక. పైకప్పు భాగంలో, దక్షిణం వైపు వాలులో ఉన్న అతుకు చూడాలి, ఏడాదిలో ఎక్కువ భాగం ఎండ ఎక్కువగా పడేది అక్కడే. గుండుసూది మొనతో ఒక కుట్టును కొద్దిగా పైకి లేపాలి. దారం సాగి మళ్లీ సర్దుకుంటే ఇంకా బతుకుంది. టప్పున తెగితే ఆ అతుకు మొత్తం మళ్లీ కుట్టించే సమయం వచ్చింది. గుడ్డ మెత్తగా ఉండి దారం ఒక్కటే పోయినప్పుడు తిరిగి కుట్టించడానికి అయ్యే ఖర్చు కొత్త కవరు ధరలో చిన్న భాగం. ఆటోనగర్‌లో లారీ టార్పాలిన్లు కుట్టేవాళ్లు ఈ పని చేసిపెడతారు, వాళ్ల మిషన్లకు ఈ మందం కొత్త కాదు. ఆ పని ఇంకా గాలి చీల్చక ముందే చేయించాలి. చీలాక గుడ్డలో కుట్టు రంధ్రాల వెంట పీచు లేచిపోయి, కొత్త దారానికి పట్టు దొరకదు.

ఎండ ఏమీ చేయలేని దారం ఒకటుంది, పీటీఎఫ్ఈతో చేసింది. నాన్‌స్టిక్ పెనం మీద పూతగా వేసేది ఆ పదార్థమే. మామూలు దారంతో పోలిస్తే చాలా ఖరీదు, ఇక్కడి కొట్లలో అడిగితే వెంటనే దొరకకపోవచ్చు. పీవీసీ గుడ్డకు ఇంకో దారి ఉంది: కుట్టే బదులు వేడిగాలితో అతుకులు అతికించడం. సరిగ్గా అతికిన జాయింట్ గుడ్డంత బలంగా ఉంటుంది, సూది రంధ్రాలు ఉండవు కాబట్టి నీరు కారదు. కొత్తగా చేయించుకునేవాళ్లు పైకప్పు అతుకులన్నీ ఇలా అతికించి, పక్కల అంచులు మాత్రం కుట్టమనడం మంచి పద్ధతి.

రెండో చోటు పైపు. కవరు ఫ్రేముకు తగిలే గీత వెంట గుడ్డకు రెండు రకాల దెబ్బ పడుతుంది. గాలికి కవరు కదిలిన ప్రతిసారీ రాపిడి ఒకటి, ఎండకు కాలిన ఇనప పైపు వేడి ఇంకొకటి. మూడేళ్లు వాడిన కవరును విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఈ సంగతి కళ్లకు కడుతుంది. మిగతా గుడ్డంతా మసకగా ఉంటుంది, పైపులు ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడ మాత్రం సూది మొనలంత చుక్కలు వరుసగా మెరుస్తుంటాయి. పాలీహౌస్‌లు వేసే రైతులకు దీని మందు తెలుసు. ప్లాస్టిక్ షీటు తగిలే వైపు జీఐ పైపుకు తెల్ల రంగు వేస్తే పైపు అంతగా కాలదు. ఆ రంగు నీటితో కలిపేది కావాలి, నూనె రంగు ప్లాస్టిక్‌కు మంచిది కాదు. పడవ ఫ్రేముకు కూడా ఇది పనికొస్తుంది. రంగు ఆరాక పైన పాత పీవీసీ గుడ్డ పేలికలు చుట్టి కడితే రాపిడి కూడా తగ్గుతుంది. పాత సైకిల్ ట్యూబు చుట్టే అలవాటు చాలామందిలో ఉంది. అది మానుకోవాలి. నల్ల రబ్బరు పీవీసీకి తగిలిన చోట మరక పడుతుంది, గుడ్డలోని మెత్తబరిచే ద్రవం రబ్బరులోకి పోయి అక్కడ గుడ్డ త్వరగా గట్టిపడుతుంది.

మూలలు, నట్టు బోల్టు తలలు, పైపు కొసలు ఒక్కోటీ ఒక్కో కత్తి. వీటి మీద ముందే రెండో పొర వేయించాలి. కొసలకు ప్లాస్టిక్ మూతలు బిగించాలి.

మూడో చోటు రింగులు, తాళ్లు. ఇనప రింగు తుప్పు పడితే ఆ తుప్పు చుట్టూ గుడ్డను తినేస్తుంది. ఇత్తడి రింగులు మేలు, తుప్పు పట్టని స్టీలువి అయితే ఇంకా మంచిది. రబ్బరు సాగుతాళ్లు ఏడాది, రెండేళ్లకు పట్టు వదులుతాయి. వీటిని సామాను కింద లెక్కగట్టకుండా దీపంలో వత్తిలా వాడి మార్చేసే వస్తువు అనుకోవాలి. సాగుతాడు వదులైతే కవరు కొట్టుకోవడం మొదలవుతుంది, కొట్టుకునే కవరు ఏ గుడ్డదైనా నిలవదు. చవకగా దొరికే పాలీప్రొపిలీన్ తాళ్లు ఎండకు పీచు పీచుగా లేస్తాయి. నైలాన్ తడిస్తే సాగి వదులవుతుంది. పాలిస్టర్ తాడు ఈ రెండింటి కన్నా నమ్మకమైనది.

నీళ్ల గుంట, గాలి తోపుడు

వాన నీరు కవరు మీద నిలిచిందంటే దాని రోజులు దగ్గరపడినట్టే. చదరపు మీటరు మీద ఒక్క మిల్లీమీటరు నీరు నిలిస్తే అది లీటరు, అంటే కిలో బరువు. మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడవు, జానెడులో సగం లోతున్న గుంట పడితే దానిలో దాదాపు 200 కిలోల నీరుంటుంది. ఆ బరువుకు గుడ్డ సాగుతుంది. సాగిన చోట తర్వాతి వానకు ఇంకా పెద్ద గుంట పడుతుంది. ఒకసారి సాగిన పాలిస్టర్ గుడ్డ మళ్లీ మొదటి బిగువుకు రాదు. నైరుతి వానలు అయిపోగానే అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు మొదలయ్యే మన ప్రాంతంలో ఈ సమస్య సగం ఏడాది వెంటాడుతుంది. వాలు తగినంత ఉండడం, మధ్యలో పైపుల మధ్య దూరం తక్కువగా ఉండడం, తాళ్లు బిగువుగా ఉండడం, ఈ మూడు ఉంటే నీరు నిలవదు. నిలిచిన నీటిని కింద నుంచి కర్రతో పొడిచి తోసేవాళ్లున్నారు. కర్ర మొన నీటి బరువు కింద బిగిసి ఉన్న గుడ్డను తేలిగ్గా చీలుస్తుంది. తప్పదనుకుంటే మెత్తటి చీపురు తలకిందులుగా పట్టుకుని నిదానంగా ఎత్తాలి.

గాలి సంగతి ఇంకా పెద్దది. భవనాల మీద గాలి భారాన్ని లెక్కగట్టడానికి ఇంజనీర్లు వాడే సూత్రం ప్రకారం గాలి వేగం రెట్టింపైతే తోపుడు నాలుగింతలవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల గాలి ఎదురుగా తగిలితే చదరపు మీటరుకు సుమారు 17 కిలోల తోపుడు. 100 కిలోమీటర్లైతే 47 కిలోలు. 30 చదరపు మీటర్ల కవరుకు ఈ రెండో లెక్క 1,400 కిలోలు తేలుతుంది. ఏటవాలు గుడ్డ మీద పూర్తి తోపుడు పడకపోవచ్చు, కానీ కింద నుంచి గాలి దూరితే పైకి లేపే బలం తోడవుతుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను గాలులు ఈ స్థాయివే.

ఏ కవరూ తుపానును తట్టుకోవాలని కొనేది కాదు. హెచ్చరిక వచ్చిందంటే విప్పేయాలి. ఇద్దరు మనుషులు కలిస్తే అరగంటలో అయ్యే పని ఇది, అలా విప్పడానికి వీలుగా ముడులు వేసుకోవడం కట్టేవాడి బాధ్యత. కవరు వదిలేస్తే పోయేది గుడ్డ ఒక్కటే అయితే సరే అనుకోవచ్చు. గాలికి ఉబ్బిన గుడ్డ తెరచాపలా పడవను, ఫ్రేమును కలిపి లాక్కుపోతుంది. వరదప్పుడు వదులైన పడవ ఏం చేస్తుందో ఈ ఊరు చూసింది. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకు 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చినప్పుడు ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర కౌంటర్ వెయిట్లను, అంటే గేట్లు ఎత్తడానికి తోడ్పడే బరువు దిమ్మల్ని, దెబ్బతీశాయి.

తుపానుల కన్నా మనకు ఎక్కువసార్లు ఎదురయ్యేవి వేసవి సాయంత్రాల ఈదురుగాలులు. పగలంతా 42 డిగ్రీల ఎండ కాసి, సాయంత్రం ఉన్నట్టుండి ఆకాశం నల్లబడి, దుమ్ము లేపుకుంటూ పావుగంట గాలి కొడుతుంది. కవర్లు ఎక్కువగా చిరిగేది ఈ పావుగంటల్లోనే. ఎండకు మెత్తబడి కాస్త సాగి వదులైన గుడ్డ సరిగ్గా ఆ సమయంలో గాలికి దొరుకుతుంది. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో వారానికోసారి తాళ్లు బిగించడం అన్ని జాగ్రత్తల్లోకి పెద్దది.

కొనేటప్పుడు

జీఎస్ఎం అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. దీన్ని చూసుకోవడానికి లేబొరేటరీ అక్కర్లేదు. పది సెంటీమీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు ముక్క కత్తిరించి బంగారం తూచే త్రాసులో పెట్టి, వచ్చిన గ్రాముల్ని వందతో గుణిస్తే చాలు. 6.1 గ్రాములు వస్తే 610 జీఎస్ఎం. చెప్పిన బరువు, ఉన్న బరువు తేడా అక్కడే తెలిసిపోతుంది. అయితే బరువు ఒక్కటే నాణ్యత కాదు. సుద్దపొడి ఎక్కువ కలిపినా గుడ్డ బరువెక్కుతుంది, తిరిగి కరిగించిన పాత ప్లాస్టిక్ కలిపినా అంతే. ముక్కను గట్టిగా మడిచి గోటితో రుద్దితే మడత గీత తెల్లబడి అలాగే ఉండిపోయే పరదాలో సుద్ద ఎక్కువని అనుమానించవచ్చు. హెచ్‌డీపీఈ నేత టార్పాలిన్లకు ఐఎస్ 7903 అనే భారతీయ ప్రమాణం ఉంది. ఆ ముద్ర ఉన్నది తీసుకోవడం క్షేమం.

గ్యారంటీ కాగితం మీద చిన్న అక్షరాలు చదవాలి. ఎక్కువ కంపెనీలు ఏటేటా తరిగిపోయే హామీ ఇస్తాయి. అంటే అయిదేళ్ల గ్యారంటీలో నాలుగో ఏట గుడ్డ పోతే చేతికొచ్చేది ధరలో చిన్న ముక్క. గాలికి చినగడం, నీరు నిలవడం, రాపిడి, ఎలుకలు, ఇవి సాధారణంగా అందులో ఉండవు. కవర్లు పోయేది ఎక్కువగా వీటివల్లనే.

కడగడం, దాచడం

దుమ్ము చూడ్డానికి అమాయకంగా ఉంటుంది. ఇసుక లారీలు తిరిగే నది ఒడ్డున కవరు మీద పేరుకునే దుమ్ములో సన్నటి ఇసుక ఉంటుంది. గాలికి గుడ్డ కదిలినప్పుడల్లా అది పూతను గీకుతుంది. అందుకే కడిగేటప్పుడు ముందు బాగా నీళ్లు పోసి దుమ్ము జారనివ్వాలి, ఆ తర్వాతే చేయి పెట్టాలి. గిన్నెలు తోమే లిక్విడ్ కొద్దిగా బకెట్ నీళ్లలో కలిపి మెత్తటి బ్రష్‌తో రుద్దితే చాలు. కొబ్బరి పీచు, ఇనప పీచు వద్దు. సబ్బు నురుగు ఆరిపోకముందే కడిగేయాలి. కాబట్టి మధ్యాహ్నం కన్నా పొద్దున్నే ఈ పని పెట్టుకోవాలి.

తారు మరకకు కిరసనాయిలు, పెట్రోలు, థిన్నర్ వాడితే మరకతో పాటు పూతా పోతుంది. బ్లీచింగ్ బూజును చంపుతుంది, కుట్టు దారాన్నీ బలహీనపరుస్తుంది. నల్ల చుక్కలుగా బూజు పడితే ఒక వంతు వెనిగర్‌కు నాలుగు వంతుల నీళ్లు కలిపి తుడిచి, పావుగంట ఆగి కడగాలి. కొంగలు, నీటికాకులు వేసిన రెట్టలు ఎండిపోయి ఉంటే గోకకూడదు. తడి గుడ్డ వాటి మీద కాసేపు కప్పి ఉంచితే మెత్తబడి వస్తాయి. నీళ్లు ఒత్తిడితో కొట్టే సర్వీసింగ్ గన్ను దగ్గరగా పెడితే అతుకుల్లోకి నీరు దూరి పూత లేస్తుంది.

ఏడాదిని పండగలు, కార్తెల ప్రకారం పెట్టుకుంటే మర్చిపోవడం ఉండదు. ఉగాది తర్వాత ఒకసారి విప్పి కుట్లు, రింగులు, మూలలు చూసుకుని, సాగుతాళ్లు మార్చాలి. రోహిణి ఎండల్లో పడవ వాడకం ఎలాగూ తక్కువ. షెడ్డు వసతి ఉన్నవాళ్లు ఆ రోజుల్లో పడవను నీడకు చేర్చి కవరు విప్పేస్తే ఏడాదిలో అతి కఠినమైన ఎండలు దానికి తప్పుతాయి. మన దగ్గర చలికాలం సెలవు లేదు కాబట్టి ఈ వేసవి సెలవే కవరుకు దక్కే విరామం. మృగశిర వచ్చేలోపు వాలు, బిగువు సరిచూసి మళ్లీ కట్టాలి. దీపావళికి, కార్తీక మాసంలో ఘాట్ల దగ్గర బాణసంచా కాల్చేటప్పుడు నిప్పురవ్వ పడితే పరదాకు బెజ్జం పడుతుంది. ఆ రాత్రులు కవరు తీసి ఉంచడమో, పక్కన నీళ్లు సిద్ధంగా పెట్టుకోవడమో చేయాలి. సంక్రాంతి నాటికి వానలు వెనకబడతాయి, గాలి పొడిగా ఉంటుంది. పెద్ద కడుగుడు, మరమ్మతు అప్పుడు పెట్టుకుంటే గుడ్డ పూర్తిగా ఆరుతుంది.

దాచేటప్పుడు పూర్తిగా ఆరాక, మడవకుండా పైపు చుట్టూ చుట్టాలి. ప్రతిసారీ ఒకే గీత మీద మడిస్తే ఆ గీతే ముందు చిట్లుతుంది. ఎలుకలు దూరని డ్రమ్ములోనో, పైన వేలాడదీసో పెట్టాలి. తడిగా చుట్టి నాలుగు రోజులు మూల పడేస్తే బూజు వాసన మళ్లీ వదలదు.

చిన్న బెజ్జం కనిపించిన వారంలోనే మాసిక వేయించాలి. చిరుగు దాని కొస నుంచే ముందుకు పాకుతుంది. పీవీసీకి అదే గుడ్డ ముక్క, పీవీసీ జిగురు. ముక్క బెజ్జానికి అన్ని వైపులా రెండు అంగుళాలు మించి ఉండాలి, మూలలు గుండ్రంగా కత్తిరించాలి. పదునైన మూల ముందు లేస్తుంది. నీలం పరదా దగ్గర ఈ జిగుర్లేవీ పనిచేయవు, ఆ ప్లాస్టిక్‌కు జిగురు అంటుకోదు. దానికి వేడి అతుకో, టార్పాలిన్ టేపో కావాలి.

తీసేయాల్సిన రోజును కవరే చెబుతుంది. మూడు చోట్ల మడిచి చూస్తే మూడు చోట్లా పూత చిట్లడం, వెలుతురుకు పట్టుకుంటే పైపు గీతల బయట కూడా చుక్కలు మెరవడం, తిరిగి కుట్టించబోతే సూది పక్కనే గుడ్డ చీలడం. ఈ మూడింటిలో రెండు కనిపిస్తే ఇక మరమ్మతు మీద డబ్బు పెట్టడం దండగ. అలాంటి కవరును తగలబెట్టకూడదు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన ఆమ్లవాయువు, దానితో పాటు డయాక్సిన్లు వస్తాయి, ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. పక్కల వాల్చిన భాగాలకు పైకప్పంత ఎండ తగలదు కాబట్టి ఆ ముక్కలు సాధారణంగా ఇంకా గట్టిగా ఉంటాయి. వాటిని కత్తిరించి పెట్టుకుంటే కొత్త కవరుకు మూలల్లో రెండో పొరగా, పైపుల చుట్టూ పేలికలుగా, మాసికలుగా పనికొస్తాయి.